వైట్ సాక్స్ గురించి నీ ఉత్తరానికి జవాబు

ప్రియ మిత్రమా,

2025 బేస్‌బాల్ సీజన్ చివర న్యూయార్క్ యాంకీస్‌తో జరిగిన ప్లేఆఫ్ (టైటిల్ కోసం జరిగే నాకౌట్ పోటీలు) మొదటి ఆటలో గ్యారెట్ క్రోషే 11 మందిని స్ట్రైకౌట్ చేసిన (మూడు స్ట్రైకులతో అవుట్ చేసిన) రాత్రి నువ్వు కోపంతో రాసిన ఉత్తరం అందింది. అలాంటి పిచర్‌ను (బంతి విసిరేవాణ్ణి) చేతులారా బోస్టన్‌కు అప్పగించిన క్రిస్ గెట్జ్ ఇంకా మన జట్టుకు ఆటగాళ్ళను ఎంపిక చేసే జనరల్ మేనేజర్ కుర్చీలో ఎలా కూర్చున్నాడని అడిగావు. షికాగో వైట్ సాక్స్ అభిమానుల్లో చాలామందిది ఇదే మాట. ఇక్కడ షికాగోలో రేడియో పెట్టినా, రైల్లో నల్ల టోపీ పెట్టుకున్న మనిషిని పలకరించినా ఈ ప్రశ్నే వినిపిస్తుంది. నీ బాధ నాకు అర్థమవుతుంది కానీ, నీ తీర్పును మాత్రం ఒప్పుకోలేను. మన జట్టు ఈ స్థితికి రావడానికి కారణం క్రోషేను అమ్మిన 2024 డిసెంబరులో లేదు. అంతకు నాలుగేళ్ళ ముందు, 2020 అక్టోబరులో ఉంది.

క్రోషే సంగతే ముందు తీసుకుందాం. మోచేతి శస్త్రచికిత్స వల్ల 2022 సీజన్ మొత్తం పోగొట్టుకున్న ఈ ఎడమచేతి వాటం కుర్రవాడు అంతవరకూ బుల్‌పెన్ నుంచి, అంటే ఆట మధ్యలో వచ్చి ఒకటి రెండు ఇన్నింగ్స్ వేసి వెళ్ళేవాడు. అతన్ని ఆట మొదలుపెట్టే స్టార్టర్‌గా మార్చి, 32 ఆటల్లో దింపి, భుజం అలిసిపోకుండా ఇన్నింగ్స్ తగ్గిస్తూ 146 ఇన్నింగ్స్‌లో 209 స్ట్రైకౌట్లు రాబట్టింది గెట్జ్ హయాములోనే. ఈ మాట నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. 2026 సీజన్ ముగిశాక క్రోషే ఫ్రీ ఏజెంట్ అయి, ఏ జట్టుకైనా వెళ్ళగలిగేవాడు. అలా కాకుండా చూసుకోవడానికి బోస్టన్ అతనితో 6 ఏళ్ళకు 17 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకుంది. 1981 నుంచి మన జట్టుకు యజమానిగా ఉన్న జెర్రీ రైన్స్‌డార్ఫ్ ఏ ఆటగాడికైనా ఇచ్చిన అతిపెద్ద కాంట్రాక్టు ఆండ్రూ బెనింటెండీకి 5 ఏళ్ళకు ఇచ్చిన 7.5 కోట్లు. అంతకు రెట్టింపుకు మించిన మొత్తం మీద ఆయన సంతకం పెడతాడని నువ్వు నిజంగా నమ్ముతున్నావా? పెట్టని పక్షంలో, వందేసి ఆటలు ఓడిపోయే జట్టులో మరో రెండేళ్ళు ఆడించి అతన్ని ఊరికే వదులుకోవడంకంటే, కైల్ టీల్, చేస్ మైడ్‌రాత్, బ్రేడెన్ మాంట్‌గమరీ, వికెల్‌మన్ గొంజాలెజ్ అనే నలుగురు కుర్రాళ్ళను తెచ్చుకోవడమే మేలు. టీల్ 2025 జూన్‌లో వచ్చి, వికెట్ కీపర్ లాంటి క్యాచర్‌గా నిలదొక్కుకున్నాడు. మైడ్‌రాత్ ఇన్‌ఫీల్డ్‌లో రోజూ ఆడాడు. క్రోషే 2025లో 18 ఆటలు గెలిచి, మేజర్ లీగ్స్ మొత్తంలో అత్యధికంగా 255 స్ట్రైకౌట్లు చేశాడన్నది నిజమే. అయితే అదే క్రోషే మన దగ్గర ఉండి ఉంటే 102 ఓటములు ఓ 95 అయ్యేవి, అంతే.

గెట్జ్‌ను నేను పూర్తిగా వెనకేసుకొస్తున్నానని అనుకోకు. 2024 జట్టును కూర్చింది అతనే. ఫీల్డింగ్ బాగుంటే చాలునని, బ్యాటింగ్‌ను గాలికి వదిలేసి, మార్టిన్ మాల్డొనాడో వంటి వయసు మళ్ళిన క్యాచర్‌ను తెచ్చాడు. అతను మన తరపున 0.119 సగటుతో ఆడాడు. ఆ జట్టు ఏడాది మొత్తంలో చేసిన పరుగులు 507, లీగులో అందరికంటే తక్కువ. జూలై 10 నుంచి ఆగస్టు 5 దాకా వరుసగా 21 ఓటములు! ఆ పరంపర ఓక్లండ్‌లో ఆగిన రెండు రోజులకే, మైదానంలో జట్టును నడిపే మేనేజర్ పెడ్రో గ్రిఫోల్‌ను పంపించివేశారు. ఇందులో గెట్జ్ వాటా గెట్జ్‌కు ఉంది. కానీ అతని చేతికి వచ్చేసరికే ఇల్లు ఖాళీ అయిపోయిందన్న సంగతి మరిచిపోతే మనం న్యాయంగా మాట్లాడుతున్నట్టు కాదు.

ఆ ఇల్లు ఎలా నిండిందో, ఎలా ఖాళీ అయిందో నీకు నేను చెప్పనక్కరలేదు, ఇద్దరం కలిసే చూశాం. డాన్ రయన్ రహదారికి ఇటు ఐఐటీ (ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ) హాస్టల్, అటు స్టేడియం. హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) పడ్డప్పుడల్లా స్కోర్‌బోర్డు మీద పేలే బాణసంచా చప్పుడు మన గదిలోకి వినిపించేది. హైదరాబాదు, విజయవాడ, వరంగల్ నుంచి వచ్చి క్రికెట్ తప్ప మరొకటి తెలియని మనవాళ్ళలో అంతమంది షికాగోలోని మరో జట్టు కబ్స్‌ను కాదని వైట్ సాక్స్ వైపు మొగ్గడానికి ఆ దగ్గరితనమే కారణం. 88 ఏళ్ళ తరవాత వచ్చిన 2005 వరల్డ్ సిరీస్ గెలుపు ఆ మొగ్గును ఖాయం చేసింది. అందుకే 2016 డిసెంబరులో క్రిస్ సేల్‌ను అమ్మేసి, ఆ మరునాడే ఆడమ్ ఈటన్‌నూ, మరుసటి జూలైలో హోసే కింటానానూ పంపించివేసినప్పుడు మనం తిట్టుకోలేదు. యోవాన్ మొంకాడా, మైకేల్ కోపెక్, లూకాస్ జియోలిటో, ఎలోయ్ హిమెనెజ్, డిలన్ సీస్ వచ్చారు. క్యూబా నుంచి లూయిస్ రాబర్ట్ వచ్చాడు. ఇన్నేళ్ళు ఓడితే ఓడుదాం, తరవాత ఏళ్ళ తరబడి గెలుస్తామని జనరల్ మేనేజర్ రిక్ హాన్ చెప్పిన లెక్కను మనం మనస్ఫూర్తిగా నమ్మాం. ఆ లెక్క తప్పు కాదని 2020 నిరూపించింది కూడా: 60 ఆటల చిన్న సీజన్‌లో 35 గెలుపులు, ప్లేఆఫ్స్‌లో చోటు, హోసే అబ్రేయుకు అమెరికన్ లీగ్ ఎంవీపీ (ఉత్తమ ఆటగాడు) పురస్కారం.

ఇల్లు అలకగానే పండుగ కాదని పెద్దలు ఊరికే అనలేదు. ఆ అక్టోబరులో మేనేజర్ రిక్ రెంటెరియాను తప్పించినప్పుడు అభిమానులమంతా ఎదురుచూసింది ఎ.జె. హించ్ కోసం. హ్యూస్టన్‌లో ప్రత్యర్థి క్యాచర్ సైగలను దొంగతనంగా పట్టేసిన వ్యవహారంలో పడిన ఏడాది సస్పెన్షన్ అప్పుడే ముగియబోతోంది. ఆ మచ్చ చిన్నదని నేను ఎన్నడూ అనలేదు. కానీ కుర్రాళ్ళతో నిండిన జట్టును ఛాంపియన్లుగా నిలబెట్టిన మేనేజర్ అతను. రైన్స్‌డార్ఫ్ మాత్రం 76 ఏళ్ళ టోనీ లా రూసాను పిలిచాడు. 1986లో లా రూసాను తొలగించనివ్వడం తన జీవితంలో పెద్ద పొరపాటని ఆయన చాలాసార్లు చెప్పుకున్నాడు. 2011 తరవాత డగౌట్‌లో కూర్చోని మనిషిని ఆ పొరపాటు దిద్దుకోవడానికి తెచ్చాడు. లా రూసా మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిచిన మహామేనేజర్, హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నవాడు, ఆయన పట్ల నాకు గౌరవమే. కానీ ఆ ఉద్యోగం పాత బాకీ తీర్చుకోవడానికి ఇచ్చిన ఉద్యోగం, జట్టు అవసరం చూసి ఇచ్చినది కాదు. లా రూసా పేరు ప్రకటించిన మరునాడే హించ్‌ను డెట్రాయిట్ టైగర్స్ తీసుకుపోయారు.

2021లో 93 ఆటలు గెలిచి డివిజన్ గెలుచుకున్నాం కదా అంటావు. గెలిచాం. ఐయోవాలో మొక్కజొన్న చేల మధ్య కట్టిన మైదానంలో, ఆఖరి ఇన్నింగ్స్‌లో టిమ్ ఆండర్సన్ కొట్టిన బంతి యాంకీస్ మీద గెలుపు తెచ్చి చేలో పడ్డ ఆగస్టు రాత్రిని నేను ఏనాటికీ మరువను. అయినా అప్పటికే పగుళ్ళు కనిపిస్తున్నాయి. మిన్నెసోటాలో యెర్మిన్ మెర్సెడెస్ మూడు బాల్స్, సున్నా స్ట్రైకుల (3-0) మీద వచ్చిన బంతిని హోమ్ రన్ కొట్టినందుకు, మనం 11 పరుగుల ఆధిక్యంలో ఉన్నప్పుడు అలా కొట్టడం మర్యాద కాదని సొంత ఆటగాణ్ణే మేనేజర్ పత్రికలవారి ముందు తప్పుపట్టాడు. మరునాడు ప్రత్యర్థి అతని వెనకగా బంతి విసిరితే దానికి తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. అదే ఏడాది జూలై చివర కార్యాలయం చేసిన పని మరీ వింతది. ఆట చివర వచ్చి గెలుపు కాపాడే మేటి క్లోజర్ లయమ్ హెండ్రిక్స్ ఉండగా మరో క్లోజర్ క్రెయిగ్ కింబ్రెల్ కోసం మన సెకండ్ బేస్ ఆటగాడు నిక్ మాడ్రిగల్‌ను కబ్స్‌కు ఇచ్చేశారు. కింబ్రెల్ మన దగ్గర రాణించలేదు. ప్లేఆఫ్స్‌లో హ్యూస్టన్ మనల్ని 3-1తో ఇంటికి పంపింది. ఆ చలికాలంలో సెకండ్ బేస్‌కూ, రైట్ ఫీల్డ్‌కూ డబ్బు పెట్టి ఇద్దరు గట్టివాళ్ళను కొని ఉంటే 2022 వేరుగా ఉండేదని నా గట్టి నమ్మకం. కొనలేదు. ఫస్ట్ బేస్ ఆటగాడైన ఆండ్రూ వాన్‌ను అవుట్‌ఫీల్డ్‌లో పరిగెత్తించారు. జూన్‌లో డాడ్జర్స్ ఆటలో ట్రే టర్నర్ రెండు స్ట్రైకుల మీద ఉండగా అతన్ని లా రూసా కావాలని వాక్ చేయించడం (బంతి ఆడనివ్వకుండానే ఫస్ట్ బేస్‌కు పంపడం), వెంటనే మాక్స్ మన్సీ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టడం అందరూ చూశారు. 81 గెలుపులు, 81 ఓటములు. దానితో మనం గెలవగలిగే కాలం ముగిసిపోయింది.

నా వాదన ఒక్క లా రూసా గురించి కాదు. రైన్స్‌డార్ఫ్ ఎప్పుడూ తనకు తెలిసిన మనిషినే చూసుకుంటాడు. 2023 ఆగస్టులో హాన్‌నూ, అతని పైఅధికారి కెన్ విలియమ్స్‌నూ ఒకేరోజు తొలగించి, పది రోజులు తిరక్కుండానే లోపలి మనిషి గెట్జ్‌ను జనరల్ మేనేజర్ చేశాడు. ఆటగాళ్ళను తీర్చిదిద్దే విభాగం అప్పటిదాకా ఉన్నది గెట్జ్ చేతిలోనే. ఆ విభాగం ఎంత బాగా పనిచేసిందో మొంకాడా, కోపెక్, హిమెనెజ్‌ల చరిత్రే చెబుతుంది. గెట్జ్‌ను ఎంచిన పద్ధతి తప్పని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ ఇప్పుడు గెట్జ్‌ను తీసేస్తే ఆ ఖాళీని నింపేది ఎవరు? అదే యజమాని, అదే పద్ధతిలో. నీ కోపం గెట్జ్ దగ్గర ఆగిపోవడం నాకు నచ్చనిది అందుకే.

2024 సెప్టెంబరు 27న డెట్రాయిట్‌లో 4-1తో మనకు 121వ ఓటమి వచ్చింది. 1962 నాటి మెట్స్ 120 ఓటముల రికార్డు ఆ రాత్రితో చెరిగిపోయింది. అదే గెలుపుతో టైగర్స్ ప్లేఆఫ్స్‌కు అర్హత సంపాదించారు, వాళ్ళ డగౌట్‌లో మేనేజర్‌గా హించ్ ఉన్నాడు. అంతకు నాలుగేళ్ళ ముందు మనం కోరుకున్న మనిషి! నా మాటకు ఇంతకంటే సాక్ష్యం నేను తేలేను. పైగా అన్ని ఓటములకూ, కొత్త కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మనకు దక్కిన ఎంపిక పదోది. పెద్ద నగరపు జట్లు వరుసగా రెండేళ్ళు మొదటి ఎంపికలు తేల్చే లాటరీలోకి రాకూడదన్న నిబంధన వల్ల, కావాలని ఓడినా లాభం లేదని తేలిపోయింది.

వాన్ గురించి నువ్వు రాసిన మాట మాత్రం నా మనసును తాకింది. మన దగ్గర 0.189 సగటుతో ఉన్న మనిషి 2025 జూన్‌లో మిల్వాకీ వెళ్ళి 0.308 కొట్టడం, ప్లేఆఫ్స్‌లో కబ్స్ మీద హోమ్ రన్లు బాదడం నేనూ చూశాను. మనవాళ్ళు అతనిలో చూడలేనిది ఏదో అక్కడి కోచ్‌లు చూశారు. గెట్జ్ జవాబు చెప్పుకోవలసిన అసలు ప్రశ్న క్రోషే కాదు, ఇదే. దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉందని గమనించు. ఇతర జట్ల మైనర్ లీగు ఆటగాళ్ళను తీసుకునే రూల్ 5 డ్రాఫ్ట్‌లో మిల్వాకీ నుంచే తీసుకున్న షేన్ స్మిత్ తొలి ఏడాదే ఆల్‌స్టార్ అయ్యాడు. మైనర్ లీగుల్లో తడబడిన కోల్సన్ మాంట్‌గమరీ జూలైలో వచ్చి 21 హోమ్ రన్లు కొట్టాడు. కొత్త మేనేజర్ విల్ వెనబుల్ చేతిలో సీజన్ తొలి సగంలో 32 గెలుపులు, 65 ఓటములతో ఉన్న జట్టు మలి సగంలో 28 గెలిచి 37 ఓడింది. ఇది గెలిచే జట్టు ఆట కాకపోయినా, మునిగిపోయిన జట్టు ఆట మాత్రం కాదు.

ఇక లూయిస్ రాబర్ట్. 2023లో 38 హోమ్ రన్లు కొట్టి ఆల్‌స్టార్ అయిన చలికాలంలోనే అమ్మి ఉండవలసిందని నువ్వు అన్నమాట నూటికి నూరుపాళ్ళు నిజం. 2024, 2025 రెండేళ్ళూ 14 చొప్పునే కొట్టాడు, గాయాలు వదలలేదు. 2025 జూలైలో కూడా అమ్మలేదు. ఆ సీజన్ ముగిశాక 2 కోట్ల డాలర్లు పెట్టి 2026కు ఉంచుకోవాలా, వదిలేయాలా అన్నది తేల్చుకోవలసి వచ్చింది. నువ్వు వదిలేయమన్నావు. నేను ఉంచుకోమన్నాను. 2025లో జీతాల పట్టికలో మన జట్టు లీగులోనే చివరి వరుసల్లో ఉండేది. అక్కడ మిగిల్చిన సొమ్ము మరో ఆటగాడి మీద ఖర్చవుతుందన్న హామీ ఏమీ లేదు. 2025లో పిచర్ కన్నుగప్పి 33 బేస్‌లు దొంగిలించిన సెంటర్ ఫీల్డర్ అతను, ఆరోగ్యంగా మూడు నెలలు ఆడితే మళ్ళీ ధర పలుకుతాడన్నదే నా లెక్క.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి ఇషిబియా ఒప్పందం గురించి కూడా ఒక మాట. 2029 నుంచి 2033 మధ్య రైన్స్‌డార్ఫ్ ఇష్టపడితే జట్టును జస్టిన్ ఇషిబియాకు అమ్మవచ్చు, 2034 సీజన్ తరవాత కొనుక్కునే హక్కు ఇషిబియాకు వస్తుంది. కొత్త యజమాని వస్తున్నాడని నువ్వు సంబరపడ్డావు. కానీ కోల్సన్, టీల్, స్మిత్‌లు తమ అసలు బలంతో ఆడే ఏళ్ళు 2026 నుంచి 2029 దాకా, అంటే పాత యజమాని కాలంలోనే. పిండి కొద్దీ రొట్టె అని రైన్స్‌డార్ఫ్ మళ్ళీ చేయి బిగిస్తే 2021 తరవాతి చలికాలమే తిరిగి వస్తుంది. స్టేడియంలో అభిమానులు "జట్టును అమ్మెయ్" అని అరిచిన అరుపులకు నేను గొంతు కలుపుతాను. ఆ అరుపు మాత్రం గెట్జ్ పేరు మీదికి మళ్ళకూడదు.

ఈ చలికాలం మన దగ్గర డబ్బుందనే అనుకుని, నీ జాబితా నాకు రాసి పంపు. నా జాబితాలో మొదటివాడు రైట్ ఫీల్డర్, రెండోవాడు 170 ఇన్నింగ్స్ నమ్మకంగా వేయగల స్టార్టర్. హోమ్ రన్లు కొట్టే ఫస్ట్ బేస్‌మన్‌తో నువ్వు మొదలుపెడతావని తెలుసు. ఎందుకో వివరంగా రాయి, ఒప్పుకునేలా ఉంటే ఒప్పుకుంటాను. ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు.

నీ మిత్రుడు