మా దగ్గరికి వచ్చేసరికే ఆలస్యం

సంపాదకుల వారికి,

ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు పునరుత్పత్తి పాఠం చెప్పాలనే సరికి 'ఇంత చిన్న వయసులో ఎందుకు' అంటారు. గర్భిణుల ఓపీలో చాలా ఏళ్లు నర్సుగా పనిచేసిన నాకు ఇంతకన్నా ఆలస్యం చేస్తే లాభం లేదనిపిస్తుంది.

ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర సంగతే చూడండి. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం ఫలదీకరణ జరిగిన 28 రోజులకల్లా మూసుకుంటుంది. సరిగా మూసుకోకపోతే బిడ్డ వెన్నెముక చీలికతో పుట్టవచ్చు. ఈ మాత్ర ఆ ముప్పును తగ్గిస్తుందని 1991లో వెలువడిన బ్రిటన్ పరిశోధనతో రూఢి అయింది. అందుకే గర్భం రాకముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోమంటారు. నెల తప్పి, పరీక్ష చేయించుకుని మా దగ్గరికి వచ్చేసరికి చాలామందికి రెండో నెల దాటిపోయేది. చీటీలో ఆ మాత్ర రాసి ఇస్తుంటే అందులో సగం పని అప్పటికే చేజారిందని నాకు తెలుసు, ఆమెకు తెలియదు.

పన్నెండేళ్ల పిల్లలు ఇప్పుడే మాత్రలు మింగాలని కాదు. ఆ నాలుగు వారాల సంగతి ముందే తెలిసి ఉండాలి. అందరూ ఒకచోట దొరికేది బడిలోనే.

మావి (కడుపులో బిడ్డకు తల్లి నుంచి ఆహారం అందించే ప్లాసెంటా) విషయమూ అంతే. అది చెడునంతా వడకట్టేస్తుందని ఒకప్పుడు డాక్టర్లే నమ్మేవారు. 1950ల చివర్లో వేవిళ్లకు వాడిన థాలిడోమైడ్ అనే మందు వల్ల పదివేల మందికి పైగా పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. మద్యం, నికోటిన్ కూడా మావిని దాటి బిడ్డను చేరతాయి.

ఈ పాఠం అప్పుడు మగపిల్లల్ని బయటికి పంపే టీచర్లు ఉన్నారు. (పేజీలు తిప్పేసి 'ఇంట్లో చదువుకోండి' అనేవారి గురించి చెప్పనక్కర్లేదు.) బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి శుక్రకణమని ఆ మగపిల్లలు గాక ఇంకెవరు తెలుసుకోవాలి? ఇలాంటి పాఠాలు పిల్లల్ని లైంగిక సంబంధాలకు తొందరపెడతాయన్న భయానికి ఆధారం లేదని యునెస్కో 2018 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఒకసారి ఒక బడికి వెళ్లి, పేరు రాయకుండా ప్రశ్నలు చీటీల మీద రాసి ఇమ్మన్నాను. వాటిలో ఒకటి: 'అమ్మ కాదు, నాన్న సిగరెట్ తాగితే కడుపులో బిడ్డకు ఏమైనా అవుతుందా?' అవుతుంది, ఆ పొగ పీల్చిన తల్లికి బిడ్డ తక్కువ బరువుతో పుట్టే అవకాశం పెరుగుతుందని చెప్పాను. వెనక బెంచీలో ఒక అబ్బాయి తలదించుకుని నోట్సులో రాసుకున్నాడు.

— ఒక రిటైర్డ్ నర్సు