చేపల వేట లేని ఆ 61 రోజులు గజ ఈతగాళ్లకు తీరంలో పని ఇవ్వండి

అయ్యా,

గత ఆదివారం మీ జిల్లా పేజీలో మన సముద్ర తీరానికి జెట్ స్కీలు, పారాసెయిలింగ్, ఇసుకలో నడిపే బండ్లు వస్తాయని రంగుల ఫొటోతో వేశారు. నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక ఉండబట్టలేక రాస్తున్నాను.

పోయిన మే నెలలో మా చెల్లెలు పిల్లలతో హైదరాబాద్ నుంచి వస్తే దగ్గర్లోని తీరానికి తీసుకెళ్లాను. మరుగుదొడ్లకు తాళాలు. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి మా చెల్లెలు చీర అడ్డం పట్టుకుని నిలబడింది. హెచ్చరిక బోర్డు తుప్పు పట్టి ఒక్క అక్షరం కనబడటం లేదు. పదకొండేళ్ల మేనల్లుడు అలలు పెద్దగా లేని చోటు చూసుకుని దిగాడు. అక్కడైతే భయం లేదని అందరూ అనుకుంటారు. నిజానికి ప్రాణం తీసే చోటు అదే. ఒడ్డుకు కొట్టిన నీళ్లు అక్కడ చేరి కాలువలా లోపలికి లాగుతాయి, లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అల అంతగా విరగదు. నడుము లోతులో ఉన్న పిల్లవాడు చూస్తుండగానే దూరమైపోయాడు. ఒడ్డున వల బాగు చేసుకుంటున్న ఒకాయన పరుగున వెళ్లి దూకి, వాడిని పట్టుకుని తీరం వెంబడి అడ్డంగా ఈది, ఇంకో చోట ఒడ్డు చేర్చాడు. ఆ లాగుడికి ఎదురీదితే ఎంతటివాడైనా అలిసిపోతాడట, పక్కకు ఈది దాన్ని తప్పించుకోవాలట. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరాల్లో మైపాడైనా, కొత్తపట్నమైనా, పాకలైనా బస్సు దిగిన ప్రతి మనిషికీ ముందు చెప్పాల్సిన మాట ఇది. ఎవరు చెబుతున్నారు? వేసవిలో, కార్తీకంలో మునిగిపోయిన పిల్లల వార్తలు మీ పత్రికలోనే చదువుతున్నాం.

ఆయన ఆ రోజు ఒడ్డున ఉండటానికి కారణం వేట నిషేధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు, మోటారు బోట్లు వేటకు సముద్రంలోకి పోకూడదు. పిల్లలకు వేసవి సెలవులూ అప్పుడే, తీరానికి జనం విరగబడేదీ అప్పుడే. సముద్రం పోటూ పాటూ తెలిసిన మనుషులు పని లేక కూర్చుని ఉంటారు, వాళ్ల కళ్ల ముందే ఏమీ తెలియని మనుషులు నీళ్లలో దిగుతుంటారు. ఈ రెంటినీ కలపాలని ఇన్నేళ్లలో ఒక్క అధికారికీ తోచలేదా? నిషేధ భృతి 2025లో 10 వేల నుంచి 20 వేలు చేశారు, సంతోషం. దాంతో పాటు రోజు కూలీ మీద వాళ్లకు తాడు, ట్యూబు, లైఫ్ జాకెట్, విజిల్ ఇచ్చి తీరంలో నిలబెట్టండి. కార్తీక పౌర్ణమికీ, ఆ నెల ఆదివారాలకూ పిలవండి.

ఇసుక బండ్ల సంగతి కూడా చెప్పాలి. జనవరి నుంచి మార్చి వరకు మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. 1972 వన్యప్రాణి చట్టం కాపాడుతున్న జీవి అది. పైనుంచి బండ్లు తిప్పితే ఏం మిగులుతుంది?

చుట్టాలకు చూపించడానికి ఏమీ లేనట్టు ఈ కొత్త యంత్రాలెందుకో నాకు అర్థం కాదు. పెదగంజాం నుంచి చెన్నై దాకా 316 కిలోమీటర్ల బకింగ్‌హామ్ కాలువ మన ఊళ్ల పక్కనే పారుతోంది. ఒకప్పుడు ఉప్పూ ధాన్యమూ దాని మీదే పోయేవి. 2008లో జాతీయ జలమార్గంలో చేర్చారు. పూడిక తీసి, మైపాడు దగ్గర నాలుగు కిలోమీటర్లు పడవ నడిపినా పొద్దున పూట పిల్లలకు కొంగల్ని చూపించవచ్చు. తెడ్డు వేసేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. 2022లో జిల్లాలు విడదీశాక పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల కేంద్రం తిరుపతి జిల్లాకు, వాడరేవు తీరం బాపట్లకు పోయాయి. ఏదడిగినా ‘అది మా జిల్లా కాదు, మా శాఖ కాదు’ అంటారు. తాళం తీయమని అడిగితే పంచాయతీని అడగమన్నారు, పంచాయతీలో పర్యాటక శాఖను అడగమన్నారు. మరుగుదొడ్డి తాళానికి కూడా ఇంత తిరగాలా? ఇలాంటివాళ్లు రేపు పారాసెయిలింగ్ తాడు గట్టిగా ఉందో లేదో చూస్తారని నేనెలా నమ్మాలి?

జెట్ స్కీ ఫొటోకు ఇచ్చినంత చోటే ఇచ్చి, రెండు జిల్లాల్లో ఏ తీరంలో గజ ఈతగాడు ఉన్నాడో, ఎక్కడ లేడో మండలాల వారీగా వేయండి. ఏప్రిల్ 15 లోపు వేస్తే ఈ సెలవులకే పనికొస్తుంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కోవూరు, నెల్లూరు జిల్లా