ముట్టు ఆగాక బ్లీడింగ్ అయితే దాచుకోకండమ్మా

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మా పిన్నికి ముట్టు ఆగిన ఆరేళ్లకి మళ్లీ బ్లీడింగ్ మొదలైతే వేడి చేసిందనుకుని కొబ్బరినీళ్లు తాగుతా ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదండి, చివరికి కాకినాడలో బయాప్సీ చేయిస్తే గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ అని తేలింది. బయాప్సీకి తీసిన ఆ ముక్కలోనే డీఎన్‌ఏ కాపీ తీసే పాలిమరేజ్ ఎప్సిలాన్ ఎంజైమ్‌లో మార్పుందా, ఆ కాపీలో తప్పులు దిద్దే ఎంఎల్‌హెచ్1 లాంటి ప్రొటీన్లు ఉన్నాయా పోయాయా చూస్తే జబ్బు ఎలా ముదురుతుందో చాలావరకు అంచనా వేయొచ్చంట, ఆ ఎంజైమ్ మార్పుంటే తిరగబెట్టడం చాలా తక్కువంట. ఫిగో అనే అంతర్జాతీయ గైనిక్ డాక్టర్ల సంఘం 2023లో ఇచ్చిన స్టేజింగ్‌లో, అంటే క్యాన్సర్ ఏ దశలో ఉందో చెప్పే పద్ధతిలో కూడా ఇవి చేర్చారు. ప్రొటీన్ల టెస్టు స్లైడు మీద రంగేసి చూసేదే, దానికి కూడా ముక్కని వేరే ఊరు పంపి మూడు వారాలు ఆగాం, అన్నాళ్లూ పిన్ని సరిగా అన్నం తినలేదు. ఇవి మా కోనసీమలోనే పెట్టించమని గట్టిగా రాయండి సార్.

- ఒక పాఠకురాలు, అమలాపురం