బిల్లు మీద ‘పష్మీనా’ అని రాయించండి

సంపాదకులకు,

అయ్యా,

చలికాలం రాగానే మా ఊరి ఎగ్జిబిషన్‌లో శాలువాల స్టాళ్లు వెలుస్తాయి. నిరుడు ఒకచోట ‘ప్యూర్ కశ్మీరీ పష్మీనా’ అంటే నమ్మి 1,800 రూపాయలు పోసి కొన్నాను. అమ్మినతను ఉంగరంలోంచి దూర్చి మరీ చూపించాడు. ఇంటికొచ్చాక మా అమ్మాయి కుచ్చులోంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించింది. ఉన్ని అయితే వెంట్రుక కాలిన కంపు కొట్టి, నలిపితే పొడి అయిపోవాలి. ఇది కరిగి, నల్లపూసలా గడ్డకట్టింది. సింథటిక్! పల్చటి గుడ్డ ఏదైనా ఉంగరంలో దూరుతుందని అప్పుడు తట్టింది నాకు.

డబ్బు సంగతి సరే, ఆ పేరు సంగతే నా బాధ. అసలు పష్మీనా లద్దాఖ్‌లోని చాంగ్‌తాంగ్ పీఠభూమి మేకల మెత్తటి లోపలి బొచ్చు. దానితో నేసే ‘కానీ’ శాలువాకు (మన ‘కానీ’ కాదు, దారం చుట్టే చిన్న కర్రపుల్ల పేరది) రంగుకో పుల్ల. ‘తాలీమ్’ అనే గుర్తుల కాగితం చూసుకుంటూ పోగులు లెక్కపెట్టి పుల్లలు దూరుస్తారు. ఒక్కో శాలువాకు నెలలు, పని ఎక్కువైతే ఏళ్లు. 1846 అమృత్‌సర్ ఒప్పందంలో జమ్మూ రాజు గులాబ్ సింగ్ ఇంగ్లీషువాళ్లకు ఏటా కట్టాల్సిన కప్పంలో 3 జతల శాలువాలున్నాయి. అంతకుముందే నెపోలియన్ భార్య జోసెఫిన్ కప్పుకున్నాక పారిస్‌లో అదే ఫ్యాషనయింది.

నకళ్లూ వచ్చాయి. స్కాట్లాండ్‌లోని పెయిస్లీ ఊళ్లో డిజైన్‌ను తనంతట తానే నేసే జకార్డ్ మగ్గాల మీద చవగ్గా నేసేశారు. ఆ శాలువాల మీది మామిడిపిందె డిజైన్‌కి ఆ ఊరి పేరే పడింది. మన చీర అంచు మీది మామిడిపిందెను ఇవాళ మన పిల్లలే పెయిస్లీ అంటున్నారు! అటు శ్రీనగర్ నేతగాళ్లు పన్నుల బరువు మోయలేక 1865 ఏప్రిల్ 29న వీధికెక్కితే సైన్యాన్ని పంపారు, ప్రాణాలు పోయాయి. 1870లో శాలువాలు బాగా కొనే ఫ్రాన్స్ యుద్ధంలో దిగడంతో ఉన్న బేరమూ పడిపోయింది.

అప్పుడు డిజైన్ పేరు పోయింది, ఇప్పుడు బట్ట పేరు పోతోంది. కశ్మీర్ పష్మీనాకు 2008లోనే భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లే జీఐ ట్యాగ్) వచ్చింది. లేబుల్ ఎలా ఉండాలో 2019లో బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం కూడా తెచ్చింది. ఎగ్జిబిషన్లకు అనుమతులిచ్చే అధికారులు, నిర్వాహకులు ఒక్క షరతు పెడితే చాలు: ఏ దారమో, మగ్గమో మిషనో బిల్లు మీద రాయాలి. విస్కోస్ (చెక్క గుజ్జుతో చేసే దారం) అయితే విస్కోస్ అనే అమ్మనివ్వండి, అదీ కొంటాం, చూడ్డానికి బాగానే ఉంటుంది.

ఫిర్యాదు చేద్దామని నా బిల్లు తీసి చూశాను. ‘శాలువా – 1’ అని మాత్రమే ఉంది.

– ఒక పాఠకురాలు, వరంగల్