ప్లగిన్ దారి మూశారు, ఎడిటర్‌కి సొంతంగా శబ్దం ఇవ్వలేదు

ప్రొడక్ట్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీ టెక్స్ట్ ఎడిటర్ కొత్త వెర్షన్‌లో శబ్ద సూచనలు ఆగిపోవడం, సౌండ్ ప్లేబ్యాక్‌ను ఎడిటర్‌లోనే ఇవ్వాలన్న డిమాండ్.

నమస్కారం.

నేను చూపు లేని ప్రోగ్రామర్‌ని. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో బ్యాకెండ్ కోడ్ రాస్తాను. ఏటా లైసెన్స్ రెన్యూ చేసుకుంటూ మీ ఎడిటర్ వాడుతున్నాను. దీనికి ముందు మీ సపోర్ట్ వాళ్లకి ఇదే విషయం టికెట్‌గా పెట్టాను. మొదట ప్లగిన్ (ఎడిటర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) వాడమన్నారు. ఆ ప్లగిన్ ఇక పనిచేయదని చెబితే సిస్టమ్ బెల్ (కంప్యూటర్ చేసే ఒకే రకం హెచ్చరిక చప్పుడు) వాడుకోమన్నారు. అది ఎందుకు చాలదో వివరించాక, ‘ఈ ఫీచర్‌కి డిమాండ్ తక్కువ’ అని రాసి టికెట్ మూసేశారు. అందుకే ఈ లేఖ నేరుగా మీకు రాస్తున్నాను.

జరిగింది ఇది. మీ ఎడిటర్‌కి శబ్దం వినిపించే శక్తి సొంతంగా ఎప్పుడూ లేదు. ఒక ప్లగిన్ ఆ లోటు తీర్చేది. కర్సర్ తప్పున్న లైన్ మీదికి వచ్చినా, బ్రేక్‌పాయింట్ (నడుస్తున్న కోడ్ ఆగాలని గుర్తుపెట్టిన చోటు) తగిలినా, కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే బిల్డ్ ముగిసినా ఆ ప్లగిన్ బయటి ప్రోగ్రామ్ ఒకదాన్ని పిలిచి చిన్న వేవ్ ఫైల్ వినిపించేది. విండోస్‌లో పవర్‌షెల్‌ని, మ్యాక్‌లో ఏఎఫ్‌ప్లేని, లినక్స్‌లో ఏప్లేని పిలిచేది. మొన్నటి పెద్ద అప్‌డేట్‌లో ప్లగిన్లు బయటి ప్రోగ్రామ్‌లను నడపకుండా ఆంక్ష పెట్టారు. ఇప్పుడు ప్రతి శబ్దానికీ ముందు అనుమతి అడిగే డైలాగ్ వస్తోంది. స్క్రీన్ రీడర్ (తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రామ్) ఆ డైలాగ్‌ని మొదటి నుంచి చివరి దాకా చదువుతుంది, కర్సర్ కోడ్‌లోంచి బయటికి పోతుంది. చివరికి ప్లగిన్‌ని తీసేయక తప్పలేదు.

ఆ ఆంక్షని నేను తప్పుపట్టడం లేదు. ఎవరో రాసిన ప్లగిన్ నా మెషీన్‌లో ఏ ప్రోగ్రామ్‌నైనా నడపగలగడం ప్రమాదమే. నా ఫిర్యాదు ఏమిటంటే, ఆ దారి మూసేటప్పుడు దానిమీద ఆధారపడినవాళ్లు ఎవరో మీరు చూడలేదు. బదులుగా ప్లగిన్లు వాడుకోవడానికి సౌండ్ ఏపీఐ (ఎడిటర్ చేతే శబ్దం చేయించుకునే దారి) ఒక్కటి ఇచ్చి ఉంటే మీ భద్రతా నిలిచేది, నా పనీ సాగేది.

శబ్దం నాకు అలంకారం కాదు. చూపున్న నా సహోద్యోగి స్క్రీన్ వైపు చూడగానే లైన్‌లో ఏముందో, దానికింద ఎర్ర గీత ఉందో లేదో, పక్కన బ్రేక్‌పాయింట్ చుక్క ఉందో లేదో, కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్‌లో ఆ లైన్ మారిందో లేదో అన్నీ ఒకేసారి తెలుస్తాయి. స్క్రీన్ రీడర్ మాట మాత్రం ఒకదాని తర్వాత ఒకటిగానే వస్తుంది. లైన్ చదవాలి, ఆ తర్వాత ‘ఎర్రర్’ అనాలి, ఆ తర్వాత ‘బ్రేక్‌పాయింట్’ అనాలి, ఆ తర్వాత ‘మోడిఫైడ్’ అనాలి. ఎంత వేగం పెంచుకున్నా ఈ వరస తప్పదు. వంద లైన్లు కిందికి దిగుతూ తప్పు ఎక్కడుందో వెతికేటప్పుడు ఇన్ని మాటలు వింటూ కూర్చుంటే కోడ్ చేసే పని ఏమిటో బుర్రలో నిలవదు.

చిన్న శబ్దానికి ఈ ఇబ్బంది లేదు. మాట నడుస్తుండగానే దానికింద ‘టక్’ మని వినిపించి పోతుంది. మాటని ఆపదు, ఆలస్యం చేయదు. ఎర్రర్‌కి ఒక శబ్దం, వార్నింగ్‌కి ఇంకొకటి, మడిచి ఉన్న కోడ్‌కి వేరొకటి ఉంటే కొద్ది రోజుల్లో చెవికి అలవాటైపోతాయి. ఆ తర్వాత వాటి గురించి ఆలోచించాల్సిన పనే ఉండదు. మాట, శబ్దం కలిసి వినిపించడమే మాలాంటివాళ్లకి స్క్రీన్‌ని ఒక్క చూపులో చూడటం.

ఇది నేను కనిపెట్టిన కొత్త ఆలోచన కాదు. టీ.వీ. రామన్ గారు తానే చూపు లేని కంప్యూటర్ శాస్త్రవేత్త. ఆయన 1995లోనే ఈమ్యాక్స్ అనే ఎడిటర్ మీద, దాన్ని మాట్లాడించే ఈమ్యాక్‌స్పీక్ తయారుచేసి విడుదల చేశారు. అందులో ఫైల్ తెరిస్తే ఒక శబ్దం, మూస్తే ఇంకొకటి, ఏదైనా తొలగిస్తే వేరొకటి వినిపిస్తాయి. 2006లో మొదలై ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ కూడా ఇదే పద్ధతి వాడుతుంది. ప్రోగ్రెస్ బార్ ముందుకు జరిగేకొద్దీ బీప్ స్వరం పెరుగుతుంది. ఇండెంటేషన్ ఎంత లోపలికి ఉందో కూడా స్వరంతో తెలుసుకోవచ్చు. పైథాన్ రాసే నాకు ఇదెంత మేలో మాటల్లో చెప్పలేను.

‘అయితే స్క్రీన్ రీడర్ చేతే శబ్దాలన్నీ చేయించుకోవచ్చు కదా’ అని మీ సపోర్ట్ ఇంజనీర్ ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఎడిటర్ బయటికి చెప్పినదే స్క్రీన్ రీడర్‌కి తెలుస్తుంది. ఏ టెస్ట్ ఫెయిలైంది, ఏ లైన్ గిట్‌లో తొలగింది, తప్పులు వెతికే డీబగ్గర్ ఎక్కడ ఆగింది అనేవి ముందు తెలిసేది ఎడిటర్‌కే. తెలిసినవాడే చెప్పాలి.

ఇక సిస్టమ్ బెల్ సంగతి. అది అక్షరాలకి నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో 7వ నంబరు అక్షరం. టెలీటైప్ యంత్రాల్లో నిజంగా గంట కొట్టించడానికి పెట్టింది. దానికి ఒక్కటే చప్పుడు. ఎర్రరా, బ్రేక్‌పాయింటా, బిల్డ్ అయిపోయిందా అన్న తేడా దాన్నుంచి తెలియదు. పైగా మా ఆఫీసు లాప్‌టాప్‌లలో విండోస్ శబ్దాల్ని ఐటీ వాళ్లు ముందే ఆపేసి ఇస్తారు. అప్పుడు ఆ ఒక్క చప్పుడూ రాదు.

మిగతా ఎడిటర్ల సంగతి మీకు తెలియనిది కాదు, అయినా చెప్పాలి. ఈమ్యాక్స్‌లో ప్లే-సౌండ్ ఫంక్షన్ ఉంది. విమ్‌కి 2019 డిసెంబర్‌లో వచ్చిన 8.2 వెర్షన్‌లో సౌండ్ ఫైల్ వినిపించే ఫంక్షన్ చేరింది. అది ప్రతి శబ్దానికీ ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబరుతో శబ్దాన్ని మధ్యలో ఆపొచ్చు, ముగిశాక కబురు అందుకోవచ్చు. విజువల్ స్టూడియో కోడ్‌లో 2022 నుంచి ఆడియో సూచనలు వచ్చాయి. స్క్రీన్ రీడర్ నడుస్తోందని గుర్తించి వాటంతటవే ఆన్ అవుతాయి, మిగతావాళ్లకి కావాలని ఆన్ చేసుకుంటే తప్ప వినిపించవు. వీటిలో రెండు స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు నిలబెట్టిన ఎడిటర్లు. డబ్బు తీసుకుని అమ్మే మీరు ఇది కష్టమంటే నేను ఒప్పుకోలేను.

కష్టం ఎంతో లెక్క వేసి చూద్దాం. 0.2 సెకన్ల శబ్దం, 44,100 హెర్ట్జ్, 16 బిట్లు, మోనో అనుకుంటే 17,640 బైట్లు. అలాంటివి 20 పెట్టినా మొత్తం 353 కేబీ దాటదు. ఎడిటర్ తెరిచినప్పుడే వాటిని మెమరీలోకి తెచ్చుకుంటే ప్రతిసారీ డిస్క్ దగ్గరికి వెళ్లాల్సిన పని లేదు, కొత్త ప్రోగ్రామ్ మొదలుపెట్టాల్సిన పని లేదు. పాత ప్లగిన్‌తో నేను పడ్డ పెద్ద బాధ ఆ ఆలస్యమే. పవర్‌షెల్ లేచి శబ్దం చేసేలోపు కర్సర్ రెండు లైన్లు కిందికి వెళ్లిపోయేది. శబ్దం వచ్చిందంటే ఏ లైన్‌కి వచ్చిందో తెలిసేది కాదు. ఆఫీసులో అయితే, ఎడిటర్ మాటిమాటికీ పవర్‌షెల్‌ని తెరుస్తోందని సెక్యూరిటీ టీమ్ నుంచి హెచ్చరిక వచ్చింది. నా స్క్రీన్ రీడర్ సెటప్ గురించి వాళ్లకి వివరించి, అనుమతి తెచ్చుకోవడానికి పడ్డ టెన్షన్ వేరే.

కాబట్టి తూతూమంత్రంగా చేస్తే మళ్లీ ఇదే బాధ. శబ్దం వినిపిస్తున్నంతసేపూ టైపింగ్ ఆగకూడదు. విండోస్‌లోని పాత ప్లేసౌండ్ ఫంక్షన్‌ని పిలిచి సరిపెట్టకండి. అందులో వెంటనే తిరిగొచ్చే పద్ధతి ఉన్న మాట నిజమే గానీ, రెండో శబ్దం మొదలవగానే మొదటిది తెగిపోతుంది. ఒకే లైన్‌లో ఎర్రరూ, బ్రేక్‌పాయింటూ ఉంటే నాకు రెండూ వినిపించాలి. శబ్దాల వాల్యూమ్ స్క్రీన్ రీడర్ మాటతో సంబంధం లేకుండా తగ్గించుకునే వీలుండాలి. ఏ హెడ్‌సెట్‌లో వినిపించాలో ఎంచుకునే వీలూ ఉండాలి. మీటింగ్‌లో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ స్పీకర్‌లోంచి నా ఎర్రర్లు అందరికీ వినిపించడం నాకు ఇష్టం లేదు. ఎంపీత్రీ, వీడియో లాంటివి నేను అడగడం లేదు. వేవ్ ఒక్కటి చాలు. భద్రత గురించి మీ ఆందోళన కూడా తీరుతుంది. ప్లగిన్ తన సొంత ఫోల్డర్‌లోని ఫైళ్లనే వినిపించేలా కట్టడి చేయండి, తెరిచిన డాక్యుమెంట్ ఏదీ తనంతట తాను శబ్దం చేయకుండా చూడండి.

డిమాండ్ తక్కువ అన్నారు. ఎక్కడ లెక్కపెట్టారు? శబ్దం లేనందువల్ల మీ ఎడిటర్ కొనకుండా వెనక్కి వెళ్లినవాళ్లు మీ వాడకం గణాంకాల్లో కనిపించరు. చూపు లేనివాళ్లకే కాదు, ఇంటర్వ్యూలు వింటూ టైప్ చేసేవాళ్లకి, సబ్‌టైటిల్స్ రాసేవాళ్లకి, గంటసేపు నడిచే బిల్డ్ మొదలుపెట్టి వేరే పని చూసుకునేవాళ్లకి కూడా ఇది పనికొస్తుంది. వాళ్లెవరూ లేకపోయినా నా అభిప్రాయం మారదు. మెట్ల పక్కన ర్యాంప్ కట్టేముందు రోజుకి ఎన్ని వీల్‌చైర్లు వస్తాయో లెక్కపెట్టం కదా.

మీ వెబ్‌సైట్‌లో ఎడిటర్ ‘అందరికీ అందుబాటులో’ ఉందని రాసుకున్నారు. నేను లైసెన్స్ కొన్నది ఆ మాట చూసే. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ సమాచార సాంకేతికత అందుబాటు గురించే చెబుతుంది. సమాచార, కమ్యూనికేషన్ సాంకేతిక (ఐసీటీ) ఉత్పత్తుల అందుబాటుకి ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం ఉంది. డిజిటల్ అందుబాటు రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు కేవైసీ గురించిన కేసులో వచ్చింది, టెక్స్ట్ ఎడిటర్ల గురించి కాదు. మిమ్మల్ని కోర్టుకి లాగడానికి ఇవి రాయడం లేదు. నేను అడిగేది దయ కాదని మీకు తెలియాలని రాస్తున్నాను.

వేరే ఎడిటర్‌కి మారొచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. మా టీమ్ ప్రాజెక్ట్ సెట్టింగ్‌లు, కోడ్ రివ్యూ, రిమోట్ సర్వర్ కనెక్షన్లు అన్నీ మీ ఎడిటర్‌లోనే ఉన్నాయి. నేనొక్కరినే వేరే దానికి వెళితే ప్రతి రివ్యూలోనూ వెనకబడతాను. పైగా కోడ్ వెతకడంలో, పెద్ద ఫైళ్లు తెరవడంలో మీ ఎడిటర్‌ని మించింది నేను వాడలేదు. నచ్చింది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాకు మీ నుంచి కావాల్సినవి ఇవి. సౌండ్ ఏపీఐని ఏ వెర్షన్‌లో ఇస్తారో తేదీతో సహా రాతపూర్వకంగా చెప్పండి. అది వచ్చేవరకు, నేను పేరు చెప్పి అనుమతించిన ఒక్క ప్లగిన్ డైలాగ్ లేకుండా శబ్దం వినిపించేలా సెట్టింగ్ ఇవ్వండి. మూసేసిన టికెట్ మళ్లీ తెరవండి. కొత్త ఫీచర్‌ని పరీక్షించడానికి స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు కావాలంటే నేను సిద్ధం. నాలాగే ఈ పని చేస్తున్న మిత్రులు ఇంకొందరు ఉన్నారు, వాళ్లనీ అడుగుతాను. 30 రోజుల్లో మీ నుంచి జవాబు రాకపోతే ఈ ఏడాది లైసెన్స్ డబ్బు వాపసు కోరుతూ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను.

నా లైసెన్స్ నంబరు, పాత టికెట్ నంబర్లు, అనుమతి డైలాగ్ వచ్చినప్పుడు స్క్రీన్ రీడర్ చదివిన మాటల రికార్డింగ్ ఈ లేఖతో జతచేశాను. రికార్డింగ్‌ని దయచేసి మీ డెవలపర్లకి వినిపించండి.

ఇట్లు,
మీ లైసెన్స్ వినియోగదారు,
హైదరాబాద్.