టికెట్ మీద మొత్తం గంటలు రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న జూన్‌లో మా అమ్మ డాలస్‌లో ఉన్న మా తమ్ముడి దగ్గరికి ఒక్కతే వెళ్లింది. అమ్మకు 74 ఏళ్లు. ఏజెంటు ఇచ్చిన కాగితంలో తెల్లవారుజామున 4 గంటలకు హైదరాబాద్‌లో బయలుదేరి, అదే రోజు సాయంత్రం 4 గంటలకు డాలస్‌లో దిగుతుందని ఉంది. పన్నెండు గంటలేగా అనుకుని ఒక్క పూట మాత్రలే చేతిసంచిలో పెట్టుకుంది. మిగతావి పెద్ద పెట్టెలో సర్దేసింది.

ప్రయాణం పట్టింది ఇరవై రెండున్నర గంటలు. బీపీ మాత్ర, షుగర్ మాత్ర రెండూ తప్పాయి. దిగేసరికి నిలబడలేకపోయింది. వీల్‌చైర్‌లో బయటికి తీసుకొచ్చారని తమ్ముడు ఫోన్‌లో చెబుతుంటే ఇక్కడ నాకు చేతులు ఆడలేదు.

టికెట్‌లో తప్పేమీ లేదు. బయలుదేరే టైము మనది, దిగే టైము వాళ్లది. డాలస్ గడియారం వేసవిలో మనకంటే పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. ఈ సంగతి చదువుకున్న పిల్లలకు తెలుసు. మొదటిసారి విమానం ఎక్కే పెద్దవాళ్లకు ఎవరు చెప్పాలి?

ఫోన్‌లో దూరం చూసినా దారి తప్పుతాం. హైదరాబాద్, డాలస్ మధ్య నేరుగా దాదాపు 14,400 కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున లెక్కవేసి 16 గంటలని చూపిస్తుంది. కానీ అలా ఆగకుండా వెళ్లే విమానమే మనకు లేదు. 2021లో హైదరాబాద్ నుంచి చికాగోకు నేరుగా మొదలైన సర్వీసు కూడా ఎక్కువ కాలం నడవలేదు. దోహా మీదుగా వెళితే పెరిగే దూరం 1,250 కిలోమీటర్లే. అయినా దిగడం, మళ్లీ చెకింగ్, ఇంకో విమానం కోసం కూర్చోవడం, పడమటికి వెళ్లేటప్పుడు ఎదురుగాలి, అన్నీ కలిసి గంటలు పెరిగిపోతాయి. దారి మూసుకుపోయినా అంతే. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలంలోకి మన విమానాలను రానివ్వకపోవడంతో, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే మన విమానాలు చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. కొన్ని ఇంధనం కోసం ఐరోపాలో దిగాయి.

ఇవి కాక శంషాబాద్‌కు చేరే సమయం ఉంది. గుంటూరులో ముందురోజు సాయంత్రం 5 గంటలకే కారెక్కాం. అమ్మ తమ్ముడి గుమ్మం తొక్కేసరికి 36 గంటలు దాటింది.

విమానయాన శాఖకు నా విన్నపం ఒక్కటే. ప్రతి విదేశీ టికెట్ మీద మొదటి వరుసలోనే మొత్తం ప్రయాణం ఎన్ని గంటలో, మధ్యలో ఎక్కడ ఎంతసేపు ఆగాలో పెద్ద అక్షరాలతో రాయించండి. మన రాష్ట్రాల్లో అమ్మే టికెట్ల మీద అది తెలుగులో కూడా ఉండాలి. అప్పటిదాకా ఏజెంట్లయినా పెన్నుతో రాసి ఇవ్వాలి. దానికి ఖర్చేమీ కాదు.

అమ్మ తిరుగు ప్రయాణం నవంబరు చివర్లో. రాత్రి 8కి ఎక్కి, ఎల్లుండి తెల్లవారుజామున 4.30కి దిగుతుంది. చూడటానికి 32 గంటల పైమాట, నిజానికి 21. ఆ కాగితం మీద నేనే రాసి తమ్ముడికి ఫొటో పంపాను: "అమ్మా, 21 గంటలు. మాత్రలన్నీ చేతిసంచిలోనే."

– ఒక పాఠకురాలు, గుంటూరు