వరికి నీళ్లు తగ్గిస్తాం, వంతు తేదీ ముందు చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఖరీఫ్ వచ్చిందంటే చాలు, మడిలో ఎప్పుడూ నీళ్లు నిలబెట్టకండి, ఆరబెట్టి తడి ఇవ్వండి అని రైతుకు చెప్పేవాళ్లే అందరూ. చెప్పేది నిజమే, దాంతో నాకు పేచీ లేదు. కానీ మాది కర్నూలు-కడప (కేసీ) కాలువ చివరి ఆయకట్టు. ఇక్కడ రైతు మడి నిండా నీళ్లు పెట్టుకునేది మళ్లీ నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియకే.

పద్ధతి చాలా తేలిక. అడుగు పొడవు పీవీసీ పైపు ముక్కకు కింది సగం చుట్టూ రంధ్రాలు వేసి, ఆ సగాన్ని మడిలో దించి లోపలి మట్టి తీసేస్తే నేలలో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో పైపులోకి చూస్తే తెలిసిపోతుంది. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల వేర్లకు నీళ్లు అందుతూనే ఉంటాయి. నీళ్లు 15 సెంటీమీటర్ల లోతుకు దిగాక మళ్లీ 5 సెంటీమీటర్లు నిలిచేలా పెడితే చాలు. నాటిన రెండు వారాల తర్వాత మొదలుపెట్టొచ్చు, పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకా మాత్రం మడి ఆరకూడదు. దిగుబడి తగ్గకుండా 30 శాతం దాకా నీళ్లు మిగులుతాయని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెబుతోంది. ఎకరంలో 5 సెంటీమీటర్ల నీళ్లంటే రెండు లక్షల లీటర్లు, మూడు తడులు తగ్గినా ఎన్ని నీళ్లో లెక్కేసుకోండి!

బోరు కింద ఇది బాగా కుదురుతుంది, మోటరు రైతు చేతిలో ఉంటుంది కాబట్టి. కాలువ కింద అలా కాదు. తుంగభద్ర నీళ్లు మాకు ముఖ్యం, కాలువ మొదలయ్యే సుంకేసుల బ్యారేజీలో నిలవ ఉండేది 1.2 టీఎంసీలే. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మాకు ఎంత టెన్షనో చెప్పలేను. నీళ్లు వదిలారని ఎవరో ఫోన్ చేస్తే రాత్రికి రాత్రి టార్చిలైటు పట్టుకుని తూము దగ్గరికి పోవాలి, పైవాళ్లు తమ మడులు నిండాకే కిందికి వదులుతారు, అందుకే దొరికినప్పుడే గెనిమ (గట్టు) పొర్లేదాకా పెట్టుకుంటాం. పది రోజులకు వంతు ఖాయంగా వస్తుందని తెలిస్తే అంత ఎవరు పెడతారు?

పైగా మావి నల్లరేగడి నేలలు. ఆరబెట్టమన్నారు కదా అని వదిలేస్తే నెర్రెలు విడుస్తాయి, వేలు దూరేంత నెర్రె పడ్డాక పెట్టిన నీళ్లు దాంట్లోకే దిగిపోతాయి, మడి అవతలి మూలకు చేరవు, అప్పటిదాకా మిగిల్చిందంతా అక్కడే పోయినట్టు. సన్నటి నెర్రె కనిపించగానే తడి ఇవ్వాలి. అంటే వంతు రెండు మూడు రోజులు తప్పినా ఇక్కడ పద్ధతే దెబ్బతింటుంది. నీళ్లు లేని మడిలో ఊద, తుంగ లేస్తాయి, కలుపు తీయడానికి కూలీలు దొరకరు, అది ఇంకో బాధ.

2003లో మన రాష్ట్రంలో మొదలైన, తక్కువ విత్తనంతో తక్కువ నీళ్లతో పండించే శ్రీ వరి కూడా మంచి పద్ధతే. ఎకరాకు రెండు కిలోల విత్తనంతో పది రోజుల నారు నాటడం చిన్న సంగతి కాదు. కానీ అంత లేత నారు మునిగినా బతకదు, ఎండినా బతకదు, నీళ్లు తన చేతిలో ఉన్న రైతుకే అది కుదురుతుంది.

అందుకే అధికారులను అడుగుతున్నాను. నారు పోయకముందే ఏ తూముకు ఏ తేదీన నీళ్లిస్తారో రాసి రైతు సేవా కేంద్రంలో అంటించండి, వాట్సాప్‌లో పెట్టండి, మారితే మారిందని ముందురోజే చెప్పండి. నీటి సంఘాలకు 1997 నుంచి చట్టమే ఉంది, వంతులు చూసే పని వాళ్లకు నిజంగా అప్పగించండి. మీ పత్రికకు కూడా ఒక మనవి. మార్కెట్ ధరలు వేస్తున్నట్టే సీజన్‌లో కాలువ వంతుల తేదీలు జిల్లా పేజీలో వేయండి, అధికారులు ఇవ్వకపోతే ఇవ్వలేదని వేయండి.

ఇట్లు,
ఒక వరి రైతు,
చాపాడు మండలం, కడప జిల్లా